కవాతు తుపాకీ మీద నేను చెరిపిన రెండు అక్షరాలు

ఈ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్ళు నన్ను మొదట అడిగేది ఏ ఆకురాయి వాడాలి, చెక్కకు ఏ నూనె మంచిది అని. నేను మొదట చెప్పేది భయపడమని. భయపడవద్దన్న బోధ ప్రతి ఆదివారం వింటూ పెరిగినవాణ్ణి. ఆ బోధ నమ్ముతాను, దాని మీదే ఇంతకాలం బతికాను. కానీ పాత సైనిక తుపాకీ బల్ల మీదికి వచ్చినప్పుడు చేతుల్లోకి వచ్చే వణుకును మాత్రం పోనివ్వకండి. అది పోయిన రోజుల్లోనే నేను పెద్ద తప్పు చేశాను.

నా పేరు దానియేలు. పుట్టింది మలేషియాలోని పేరాక్‌లో ఒక కొబ్బరి తోటలో. మా నాన్న తోట వర్క్‌షాపులో ఫిట్టరు. నేను సింగపూర్ వచ్చి ముందు షిప్‌యార్డులో వెల్డింగు తనిఖీ చేశాను. ఆ తరువాత పాత ఆయుధాలు భద్రపరిచే ఒక సంస్థలో పనికి కుదిరి, రిటైరయ్యేదాకా అక్కడే ఉన్నాను. జురాంగ్ వైపు కిటికీలు లేని గోదాము, రెండు తాళాల తలుపు, లోపల చలి. రూపం మార్చేసిన తుపాకీలను గుర్తుపట్టడం, వీలైనవాటిని పూర్వరూపానికి తేవడం నా పని.

వేలు పెట్టి చూడటం

నాకు పని నేర్పింది మా పై అధికారి మిస్టర్ లిమ్. మొదటి రోజు ఒక రైఫిల్ నా చేతికిచ్చి, "ఖాళీయేనా?" అన్నాడు. బోల్టు వెనక్కి లాగి, లోపలికి చూసి, ఖాళీయే అన్నాను. "చూశావు. ముట్టుకున్నావా?" అన్నాడు. తూటా కూర్చునే చాంబర్‌లోకి చిటికెన వేలు పెట్టాను. చల్లగా, గుండ్రంగా ఏదో తగిలింది. పేలని డమ్మీ ఇత్తడి తూటా. మసి పూసి ఆయనే అక్కడ పెట్టాడు.

లిమ్ మంచివాడని చెప్పలేను. పొగడటం ఆయనకు రాదు, పుట్టినరోజు కేకు కోసినా గడియారం చూసేవాడు. కానీ ఆయన కింద పనిచేసిన వాళ్ళలో ఎవరికీ వేలు పోలేదు. అధికారి మంచివాడా కాడా అన్నది మీరు పనిలోకి వచ్చిన చాలా ఏళ్ళకు అడగాల్సిన ప్రశ్న.

చెక్క కింద

బయటి రూపాన్ని నమ్మకూడదని ఒక పొట్టి రైఫిల్ నాకు నేర్పింది. అడవి యుద్ధం కోసం తేలికగా చేసిన అరుదైన రకమని దాన్ని మాకు ఇవ్వజూపారు. గొట్టం పొట్టిదే. కొసన గరాటు లాంటి మూతి ఉంది. వెనక చెక్కకు రబ్బరు మెత్త ఉంది. నేను మురిసిపోయాను. లిమ్ స్క్రూడ్రైవరు చేతికిచ్చాడు. చెక్క విప్పితే సంగతి బయటపడింది. అసలువాటిలో బరువు తగ్గించడానికి ఇనుమును ఫ్యాక్టరీలోనే గుంటలుగా తొలిచి ఉంటారు. ఇందులో ఇనుము నిండుగా ఉంది. మామూలు పొడుగు రైఫిల్‌ను ఎవరో కోసి పొట్టిది చేశారు. బయట కోయడం సులువు. చెక్క కింద ఎవరూ చూడరని కోసినవాడి ధైర్యం.

జపాను రైఫిళ్ళ సంగతి వేరు. వాటి మీద ఉండే చక్రవర్తి పువ్వు ముద్రను చాలావాటిలో గీకేసి ఉంటారు. ఆ ముద్రను తిరిగి చెక్కనా అని కొత్తలో లిమ్‌ను అడిగాను. "వద్దు. లొంగిపోయినప్పుడు గీకినవి చాలా ఉన్నాయి. ఆ గీతలు కూడా దాని వయసే" అన్నాడు. అర్థమైందని తల ఊపాను. అర్థం కాలేదని తరువాత తెలిసింది.

నేను జాలిపడిన తుపాకీ

పనిలో నాలుగో ఏడు. ఒకే నమూనా బ్రిటిష్ రైఫిళ్ళు ఆరు మా దగ్గరికి వేరువేరు చోట్ల నుంచి చేరాయి. వాటిలో ఒకదాని ఇనుప బాడీ మీద డి, పి అని రెండు అక్షరాలు లోతుగా కొట్టి ఉన్నాయి. చెక్క చుట్టూ తెల్ల రంగు పట్టీ పూసి ఉంది. డ్రిల్ పర్పస్, అంటే కవాతు నేర్పడానికే తప్ప కాల్చడానికి పనికిరాదని దాని అర్థం. ఏ లోపం కనబడి అలా కొట్టారో ఎక్కడా రాసి ఉండదు. పగులు కావచ్చు, అగ్నిప్రమాదంలో ఇనుము మెత్తబడి ఉండవచ్చు. ఆ రెండు అక్షరాలే దాని కథంతా.

ఆ ఏడు మా సంఘంలో ఉజ్జీవ కూటాలు జరిగాయి. లిటిల్ ఇండియా దగ్గర అద్దె హాల్లో, షిప్‌యార్డు కుర్రాళ్ళు పని బట్టలతోనే వచ్చి మోకరించేవారు. తోసివేయబడినవారిని దేవుడు ఎలా ఎత్తుకుంటాడో, మరకలన్నీ ఎలా తుడిచేస్తాడో రోజూ విన్నాను. ఆ మాటలతో నిండిన మనసుతో పొద్దున గోదాముకి వెళితే, పనికిరానిదని ముద్ర పడిన ఆ రైఫిల్ నా బల్ల మీద ఉంది. దాని మీద నాకు జాలి కలిగింది. నవ్వకండి. ఇనుము మీద జాలిపడ్డాను.

రంగు పట్టీని గీకాను. చెక్క సొట్టల మీద తడిగుడ్డ వేసి ఇస్త్రీపెట్టెతో ఆవిరి పట్టాను. అవిసె నూనె తాగించాను. అక్షరాలను ఆకురాయితో అరగదీసి, గరుకు కాగితంతో నున్నగా చేసి, నల్ల పూత వేశాను. పని కార్డులో 'శుభ్రం చేయడమైనది' అని రాశాను. అంతే రాశాను. ఆ రైఫిల్ నంబరు కూడా వేయలేదు. ఆరూ ఒకే కార్డు మీద ఎక్కాయి.

ఆ ఆదివారం సాక్ష్యాల సమయంలో లేచి నిలబడి ఈ సంగతే చెప్పాను. పనికిరానిదని ముద్ర కొట్టినదాన్ని నా చేతులు కొత్తది చేశాయంటే, దేవుని చేతులు మనల్ని ఇంకెంత చేస్తాయో చూడండి అన్నాను. హాలంతా స్తోత్రం అంది. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

ఆరు తుపాకీలు

పదకొండేళ్ళ తరువాత ఒక సోమవారం. స్మారక కార్యక్రమంలో పాత రైఫిళ్ళతో గౌరవ వందనం కాల్పులు జరపాలని పైనుంచి మాట వచ్చింది. ఆ నమూనావి మా దగ్గర ఉన్నవే ఆరు. లిమ్ గేజీలు పెట్టి కొలిచాడు. అన్నీ సరిపోయాయి.

"ఫ్రైడే షూటింగ్ రేంజ్ బుక్ చేశాను. ముందు పరీక్షకు నిజం తూటాలు, ఒక్కోదానికి ఐదు. తరువాతే ఉత్తుత్తి తూటాలు. రహీం కాలుస్తాడు. ఓకే ఆహ్?" అన్నాడు.

రహీం మా ఆయుధాల మెకానిక్. నాతోపాటు అదే గోదాములో జుట్టు నెరిసినవాడు. మేమిద్దరం మలయ్‌లో మాట్లాడుకునేవాళ్ళం. నన్ను 'అన్నే' అనేవాడు.

"అన్నే, జీవితమంతా తుడిచేది నువ్వు, కాల్చేది నేను. కడుపుమంటగా ఉందా?" అని నవ్వాడు. ఆరింటినీ ఒక్కొక్కటే భుజానికి ఆన్చి చూసుకున్నాడు. ఒకటి నచ్చింది. దాని చెక్కకు చిన్న తెల్ల టేపు అంటించి ఆర్ అని రాశాడు. "దీనితోనే మొదలు. చెంపకు ఎంత బాగా ఆనుతోందో చూడు."

రైఫిల్ కాల్చేవాడి కుడి చెంప బోల్టుకు జానెడు దూరంలో ఉంటుంది. లోపల ఇనుము ఓర్చుకోలేకపోతే ముందు పోయేది కన్ను. ఆరింటిలో ఒకటి కాల్చకూడనిది. ఆ సంగతి భూమ్మీద నా ఒక్కడికే తెలుసు. ఆ ఒకటి ఏదో నాకూ తెలియదు.

రహీం మకాన్‌కి, అంటే భోజనానికి, వెళ్ళాక ఆరింటినీ దీపం కింద తిప్పి చూశాను. అన్నీ సైనిక వర్క్‌షాపుల్లో ఎన్నోసార్లు అరిగి, పూతలు మార్చుకున్నవే. నేను అరగదీసిన చోటు నా వేలికి దొరకలేదు. భూతద్దానికీ దొరకలేదు.

చెప్పేద్దామని రెండుసార్లు లిమ్ గది దాకా వెళ్ళి తిరిగొచ్చాను. ఈ ఊళ్ళో తుపాకీకి సంబంధించిన తప్పు ఏదీ చిన్నది కాదు. ముద్ర చెరపడం, రికార్డులో దాచడం. ఉద్యోగం పోవడం అందులో చిన్న భాగం. మా అమ్మాయి ఇంకా పాలిటెక్నిక్‌లో చదువుతోంది. ఏదో ఒకదాని బోల్టు బాగాలేదని అబద్ధం చెప్పి పక్కన పెట్టిద్దామనుకున్నాను. దేన్ని పెట్టించాలి? అబద్ధమాడటానికి కూడా నాకు దారి లేదు.

మంగళవారం రాత్రి భోజనం దగ్గర మా ఆవిడ రూతు నా పళ్ళెం వైపు చూసి, "ఉపవాసమా?" అంది. అవునన్నాను. అదొక అబద్ధం.

బుధవారం ప్రార్థన

బుధవారం సాయంత్రం కుటుంబ ప్రార్థన జురాంగ్ ఈస్ట్‌లో మార్తమ్మ ఆంటీ ఫ్లాట్‌లో. ఆవిడ గుంటూరు వైపు నుంచి నర్సుగా వచ్చి ఇక్కడి ఆసుపత్రి వార్డుల్లోనే వయసు గడిపిన మనిషి. రిటైరయ్యాక మా సండే స్కూలు నడిపేవారు. ప్రార్థన అయ్యాక బీ హూన్ సేమ్యా ప్లేటు నా చేతిలో పెట్టారు.

"ఏం దానియేలూ, నీ తుపాకీ బాగుందా?"

"ఏ తుపాకీ ఆంటీ?"

"అదేనయ్యా, పనికిరాదని ముద్ర కొడితే నువ్వు చెరిపి కొత్తది చేశావే. ఇన్నేళ్ళుగా పిల్లలకి చెప్తానే ఉన్నా. 'ఆంటీ, గన్ స్టోరీ అగైన్ లా' అని వెంటపడతారు. అదేంటి, అట్టా నిలబడిపోయావు? తిను, చల్లారిపోతోంది."

తినలేకపోయాను. ఆవిడ వెనకాలే వంటగదిలోకి వెళ్ళి, తలుపు దగ్గరగా వేసి అంతా చెప్పాను. ఆవిడ గ్లాసులు కడుగుతూనే విన్నారు. చివర్లో కుళాయి కట్టేశారు.

"ఆ తెల్ల పట్టీ ఎందుకు పూశారంటావు?"

"కాల్చొద్దని."

"మేం వార్డులో ఎర్రది కట్టేవాళ్ళం. మందు పడని మనిషి చేతికి. నువ్వు చేసిందేంటో తెలుసా? ఆ పట్టీ చూడ్డానికి బాగాలేదని కత్తెరతో కత్తిరించావు. తల దువ్వావు, పౌడరు రాశావు, మంచమ్మీద కూర్చోబెట్టావు. ఇప్పుడు డాక్టరు సూది పట్టుకుని వస్తన్నాడు."

"జాలితో చేశాను ఆంటీ."

"తెలుసులే. పగతో చేసినోళ్ళని వార్డులో నేనెప్పుడూ చూళ్ళా. అందరూ జాలితోనే చేశారు." చేతులు తుడుచుకున్నారు. "సూది గుచ్చేలోపు చెప్పు. గుచ్చాక చెప్తే ఒప్పుకోలు కాదయ్యా అది, పోస్టుమార్టం."

"ప్రార్థన చేయండి ఆంటీ" అన్నాను.

"చెప్పొచ్చాక చేస్తా. ఇప్పుడు చేశాననుకో, అది జేబులో పెట్టుకుని ఇంకో రోజు గడుపుతావు. నిన్ను ఎరగనా?"

ప్రార్థన అడిగితే లేదన్న విశ్వాసిని నేను అంతకు ముందు చూడలేదు.

దూది పుల్ల

గురువారం పొద్దున లిమ్ గదిలో నిలబడి చెప్పాను. ఆయన పెన్ను కింద పెట్టాడు.

"ఏది?"

"తెలియదు సార్."

"నువ్వే చేసి, నీకే ఎలా తెలియదు?"

"బాగా చేశాను సార్."

నా పనితనం గురించి ఆయన ముందు నేను అన్న ఒకే ఒక్క మాట అది. ఆయన ఫోను తీసి రేంజ్ రద్దు చేశాడు. "ఆరూ బల్ల మీద పెట్టు. రహీంని పిలువు" అన్నాడు.

ఇనుము మీద అక్షరం కొట్టినప్పుడు కింది ఇనుము కూడా నలుగుతుంది. పైన అరగదీసినా ఆ నలుగుడు లోపల ఉండిపోతుంది. చోటును అద్దంలా మెరుగు పెట్టి, తగిన ఆమ్లం దూది పుల్లతో అద్దితే, నలిగిన ఇనుము ఒక రకంగా, నలగనిది ఇంకో రకంగా కరుగుతుంది. చెరిపిన అక్షరం కాసేపు పైకి తేలుతుంది. కానీ అందుకు పూత పోవాలి. అధికారి అనుమతి లేకుండా ఆ పని చేయలేం. నేను దొంగతనంగా చేయలేకపోయింది అందుకే.

మొదటిదాని మీద బొటనవేలంత చోటు మెరుగు పెట్టి ఆమ్లం అద్దాను. ఏమీ లేదు. రహీం నా పక్కనే చేతులు కట్టుకుని నిలబడ్డాడు. రెండోది. దాని మీద మూడోసారి దూది అద్దుతుంటే బూడిదరంగు ఇనుములో ముందు ఒక నిలువు గీత, తరువాత దాని పొట్ట. డి. పక్కనే పి. పదకొండేళ్ళ క్రితం నేను నా చేత్తో పూడ్చినవి నా కళ్ళ ముందే లేచి నన్ను చూశాయి.

ఊరట కలిగింది. దొరికింది, ఇక చాలు అనుకున్నాను. రహీం కూడా "దొరికిందిగా. మిగతావాటి పూత పాడుచేయడం ఎందుకు?" అన్నాడు. నేను సీసాకు మూత పెట్టబోయాను.

"ఆరు అన్నాను" అన్నాడు లిమ్.

మూడోది, నాలుగోది శుభ్రంగా ఉన్నాయి. ఐదోదాని మీద మెరుగు పెడుతుంటే అడుగున అడ్డంగా పోయిన పాత ఆకురాయి గీతలు కనిపించాయి. నేను ఎప్పుడూ నిలువుగానే రుద్దుతాను, అడ్డంగా రుద్దను. మా నాన్న నేర్పిన అలవాటు అది. ఆమ్లం అద్దాను. ఒక గీత. దాని పొట్ట. పక్కన ఇంకొకటి.

డి, పి.

మా దగ్గరికి రాకముందే, ఎక్కడో, ఎవరో నాలాంటివాడు చెరిపాడు. వాడు జాలితో చేశాడో, మంచి తుపాకీ అని నమ్మించడానికి చేశాడో నాకు తెలియదు.

అప్పుడు చూశాను, దాని చెక్క మీద టేపు ఉంది. ఆర్ అని రాసి ఉంది.

రహీం దగ్గరికి వచ్చాడు. టేపు అంచును గోటితో లేపి, మెల్లగా పీకాడు. తరువాత కుడి చెంప మీద అరచెయ్యి ఆన్చుకుని అలాగే నిలబడ్డాడు. టేపు బల్ల మీద పెట్టి బయటికి వెళ్ళిపోయాడు. ఆరోది శుభ్రంగా ఉంది. దాన్ని లిమ్మే పరీక్షించాడు.

షిప్‌యార్డులో పగుళ్ళు పట్టుకోవడానికి వాడే ఎర్ర ద్రవం తెప్పించి, ఆ మధ్యాహ్నం రెండింటికీ పూసి తుడిచి, తెల్లపొడి చల్లాను. రహీం ఎంచుకున్నదానిలో, బోల్టు ఆనే చోట వెనక, వెంట్రుకంత ఎర్ర గీత మెల్లగా బయటికి వచ్చింది. గేజీలకు అందని పగులు. నేను చెరిపినదానిలో పగులు లేదు. తరువాత గట్టిదనం పరీక్ష చేయిస్తే ఇనుము మెత్తగా తేలింది. ఎప్పుడో మంటల్లో పడి ఉంటుంది.

ఇప్పటికీ నన్ను వణికించేది ఒకటి ఉంది. నా రైఫిల్ ఏదో నాకు గుర్తుండి ఉంటే, ఏదో సాకు చెప్పి దాన్ని ఒక్కదాన్నే చాటుగా పక్కన పెట్టించేవాణ్ణి. నా మనసు తేలికపడేది. శుక్రవారం రహీం తను ఎంచుకున్న ఆ పగులుదాన్ని చెంపకు ఆన్చేవాడు. దేవుడు నన్ను కాపాడాడని తేలిగ్గా అనేయలేను. నన్ను కాపాడటానికి తగిన పని నేను ఏదీ చేయలేదు. ఆయన రహీంను కాపాడాడు. అందుకు నా మతిమరుపును వాడుకున్నాడు.

తరువాత

లిమ్ నన్ను పోలీసులకు అప్పగించలేదు. కానీ జరిగినదంతా పైకి రాసి పంపాడు, నాతో సంతకం పెట్టించాడు. ఏడాదిపాటు ఆకురాయి ముట్టనివ్వలేదు. ప్రదర్శన చీటీలు రాసే పని ఇచ్చాడు. ఆ రెండు రైఫిళ్ళకు చీటీలు నేనే రాశాను. ఏది ఎవరు చెరిపారో, తెలిసినంతవరకు. నా పేరుతో సహా. ఆయన నన్ను క్షమించాడో లేదో రిటైరయ్యేదాకా తెలియలేదు. అడిగే ధైర్యం నాకు లేకపోయింది.

రహీం మూడు వారాలు నాతో పని మాటలే మాట్లాడాడు. తరువాత ఒక రోజు నా బల్ల మీద కోపీ గ్లాసు పెట్టి, "చక్కెర తక్కువ. నువ్వు చెరిపేశావనుకో" అన్నాడు.

ఆ గురువారం తరువాత వచ్చిన ఆదివారమే సాక్ష్యాల సమయంలో మళ్ళీ లేచాను. పదకొండేళ్ళ క్రితం చెప్పినదాన్ని వెనక్కి తీసుకుంటున్నానని చెప్పి, జరిగింది జరిగినట్టు చెప్పాను. దేవుడు పాపాన్ని క్షమిస్తాడు, నేను చేసింది క్షమించడం కాదు, హెచ్చరికను పూడ్చడం అన్నాను. ఈసారి స్తోత్రం అనడానికి ఎవరికీ నోరు రాలేదు. కూటం అయ్యాక మార్తమ్మ ఆంటీ దగ్గరికి వచ్చి, "పిల్లలకి రెండో సగం కూడా చెప్పాలిక. మొదటి సగమే ఇష్టపడతారు, అయినా చెప్పాలి" అన్నారు. అప్పుడు, అక్కడే, కుర్చీలు సర్దుతున్నవాళ్ళ మధ్య నా తల మీద చెయ్యి వేసి ప్రార్థన చేశారు.

ఈ పనిలోకి వచ్చేవాళ్ళకు నేను చెప్పగలిగింది ఇంతే. మీ చేతికి వచ్చిన వస్తువు మీద ఏ గుర్తు అసహ్యంగా అనిపిస్తుందో, దాని దగ్గర ఆగండి. ఎవరో దాన్ని భయంతో కొట్టారు. ఆ భయం ఎందుకో తెలిసేదాకా ఆకురాయి ముట్టకండి. ముడితే కార్డు మీద రాయండి, నంబరుతో సహా. మీకు దేవుడి మీద నమ్మకం ఎంత ఉన్నా రాయండి.

రహీం బల్ల మీద వదిలిన ఆ టేపు ముక్క నా పాటల పుస్తకంలో ఉంది. జిగురు ఎండిపోయింది, అక్షరం వెలిసిపోయింది. ఆదివారం పుస్తకం తెరిచినప్పుడు అది కనబడితే, పాట ఎత్తుకునేలోపు నా కుడి చెయ్యి దానంతటదే కుడి చెంప మీదికి వెళుతుంది. పక్కన కూర్చున్న రూతు మెల్లగా ఆ చెయ్యి దించి, పుస్తకం నిటారుగా పట్టుకుంటుంది.